మార్చి 31: పన్ను లెక్క ఒకటి, పెన్షన్ లెక్క వేరొకటి

మార్చి వచ్చిందంటే ఒకప్పుడు ఆఫీసుల్లో సీను ఒకేలా ఉండేది. ‘రుజువులు ఇవ్వనివారికి ఈ నెల జీతంలో టీడీఎస్ (జీతంలోంచి ముందే పట్టుకునే పన్ను) మొత్తం కోత పడుతుంది’ అని అకౌంట్స్ నుంచి మెయిల్ వచ్చేది. మధ్యాహ్నానికల్లా తెలిసిన ఇన్సూరెన్స్ ఏజెంటు క్యాంటీన్ దగ్గర ప్రత్యక్షమయ్యేవాడు. ట్యూషన్ ఫీజు రసీదులు, ఇంటి అద్దె చీటీలు, వాటిమీద రెవెన్యూ స్టాంపు, ఓనరు సంతకం కోసం పరుగులు. ఆ హడావుడిలో చాలామంది తెలియకుండానే రెండు పనులు ఒకేసారి చేసేవారు. పన్ను తగ్గేది, ముసలితనానికి నాలుగు డబ్బులూ పక్కన పడేవి. 80సీ (పొదుపుకు ఏటా లక్షన్నర దాకా పన్ను మినహాయింపు ఇచ్చే సెక్షన్) అనే ఒక్క తాడుతో ఆ రెండింటినీ కట్టేశారు.

ఆ తాడు ఇప్పుడు చాలామందికి తెగిపోయింది. కొత్త పన్ను విధానంలో జీతం 12.75 లక్షల దాకా పన్నే పడదు, రసీదులూ అడగరు. అయినా మార్చిలో వినిపించే ప్రశ్నలు తగ్గలేదు. ‘కొత్త చట్టం వచ్చిందట, ఇక పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్) దండగేనా?’ అని ఒకరు. ‘12 లక్షల రూలు మా షాపుకీ వర్తిస్తుందా?’ అని ఇంకొకరు. ఈ రెండో ప్రశ్న అడిగేవారికి అడ్వాన్స్ ట్యాక్స్ (ఏడాది ముగియకముందే కట్టే పన్ను) గడువు మార్చి 15 అని చాలాసార్లు ఆ తేదీ దాటాకే తెలుస్తుంది.

రెండు ‘కొత్త’ల మధ్య గందరగోళం

ముందు మాటల చిక్కు విప్పుకుందాం. ‘కొత్త చట్టం’ వేరు, ‘కొత్త విధానం’ వేరు.

కొత్త చట్టం అంటే ఆదాయపు పన్ను చట్టం 2025. ఇది 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి చట్టం స్థానంలో అమలు. భాషను తేలిక చేశారు, సెక్షన్ల నంబర్లు మార్చారు. మనం అలవాటుపడ్డ 80సీ అందులో 123వ సెక్షన్. ‘ఆర్థిక సంవత్సరం’, ‘అసెస్‌మెంట్ ఇయర్’ అనే జంట పదాలు పోయి ‘ట్యాక్స్ ఇయర్’ అనే ఒక్క మాట మిగిలింది. 2026 మార్చి 31 దాకా సంపాదించిన దానికి మాత్రం జులైలో వేసే రిటర్న్ పాత చట్టం ప్రకారమే. కాబట్టి 2025-26 లెక్కలకు కొత్త చట్టంతో పని లేదు.

కొత్త విధానం అంటే పన్ను లెక్కగట్టే రెండు పద్ధతుల్లో ఒకటి. తక్కువ రేట్లు, దాదాపు మినహాయింపులు ఉండవు. పాత విధానంలో రేట్లు ఎక్కువ, మినహాయింపులూ ఎక్కువ. ఇవి రెండూ పక్కపక్కనే నడుస్తున్నాయి, కొత్త చట్టంలోనూ నడుస్తాయి. పాత విధానం రద్దయిందన్న మాట నిజం కాదు. ఏదీ ఎంచుకోకపోతే మనల్ని కొత్త విధానంలో వేస్తారు, అంతే.

ఇంకో చిన్న సంగతి. ఏప్రిల్‌లో ఆఫీసుకు ‘కొత్త విధానం’ అని రాసిచ్చినా, వ్యాపార ఆదాయం లేని ఉద్యోగి గడువులోగా రిటర్న్ వేసేటప్పుడు పాతదానికి మారొచ్చు. ఆఫీసుకు చెప్పింది టీడీఎస్ కోతకు మాత్రమే. గడువు దాటాక వేస్తే ఆ వెసులుబాటు ఉండదు, కొత్త విధానమే గతి.

12 లక్షల దాకా పన్ను ‘లేదు’ అంటే ఏమిటి

2025-26కి కొత్త విధానంలో మొదటి 4 లక్షలకు పన్ను లేదు. 4 నుంచి 8 లక్షల దాకా 5 శాతం, 8–12కి 10, 12–16కి 15, 16–20కి 20, 20–24కి 25, ఆపైన 30 శాతం. దీని ప్రకారం 12 లక్షల ఆదాయానికి 60,000 పన్ను పడాలి. ఆ 60,000ని రిబేటు పేరుతో మాఫీ చేస్తున్నారు. ఉద్యోగికి 75,000 స్టాండర్డ్ డిడక్షన్ కలిస్తే అది 12.75 లక్షల జీతం అవుతుంది.

పన్ను పడి మాఫీ అవడానికీ, అసలు పడకపోవడానికీ తేడా ఏమిటని తోస్తుంది. తేడా షేర్ల దగ్గర బయటపడుతుంది. డిడక్షన్ పోను జీతం 11 లక్షలు, ఏడాది లోపు అమ్మిన షేర్ల మీద లాభం లక్ష అనుకోండి. మొత్తం 12 లక్షలే కదా, పన్ను లేదు అనుకుంటారు. కానీ ఆ షేర్ల లాభం మీద ప్రత్యేక రేటు 20 శాతం ఉంది, రిబేటు దాన్ని ముట్టదు. సెస్సుతో (పన్ను మీద వేసే అదనపు పన్ను) కలిపి 20,800 కట్టాల్సిందే.

ఇక 12 లక్షలు కాస్త దాటినవారి టెన్షన్. 12,10,000 అయితే శ్లాబుల ప్రకారం 61,500 అవుతుంది. పదివేలు ఎక్కువ సంపాదించినందుకు అంత పన్ను అన్యాయం కాబట్టి, దాటిన పదివేలకు మించి పన్ను వేయరు. దీన్ని మార్జినల్ రిలీఫ్ అంటారు.

పదిహేను లక్షల జీతం: కాగితం మీద లెక్క

ఇప్పుడు అసలు పోలిక. హైదరాబాద్‌లో పనిచేసే ఒక ఉద్యోగిని తీసుకుందాం. కంపెనీ కట్టే పీఎఫ్ కాకుండా జీతం 15 లక్షలు, అందులో బేసిక్ 6 లక్షలు, హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) 2.4 లక్షలు.

కొత్త విధానంలో 75,000 తీసేస్తే 14,25,000. పన్ను 93,750, సెస్సుతో 97,500. ఇంకేమీ చూపక్కర్లేదు.

పాత విధానంలో 50,000 స్టాండర్డ్ డిడక్షన్, 80సీ కింద లక్షన్నర, ఎన్‌పీఎస్‌కు (నేషనల్ పెన్షన్ సిస్టమ్) విడిగా 50,000, ఆరోగ్య బీమాకు 25,000 తీస్తే 12,25,000 మిగులుతుంది. పన్ను, సెస్సు కలిపి 1,87,200. అంటే మార్చిలో పరుగెత్తి 80సీ నింపినా, కొత్త విధానం కంటే 89,700 ఎక్కువ కడతాడు. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఎన్నో ఏళ్ళ అలవాటు కాబట్టి లక్షన్నర పెడితే పన్ను తగ్గుతుందని గుడ్డిగా పెట్టేస్తారు.

విజయవాడలో అమ్మానాన్నలు ఉండే ఇంటికి అతను హోంలోన్ కడుతున్నాడు, వడ్డీ 2 లక్షలు. అది కూడా తీస్తే 10,25,000, పన్ను 1,24,800. ఇంకా కొత్తదే నయం. హైదరాబాద్‌లో నెలకు 20,000 అద్దె కడుతున్నాడు. ఏడాది అద్దె 2.4 లక్షల్లోంచి బేసిక్‌లో పదో వంతు 60,000 తీస్తే హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు 1.8 లక్షలు. అదీ కలిపాక ఆదాయం 8,45,000, పన్ను 84,760. ఇప్పుడు పాత విధానం గెలిచింది, 12,740 రూపాయల తేడాతో. సొంతూళ్ళో లోను, ఇక్కడ అద్దె, 80సీ, ఎన్‌పీఎస్, బీమా అన్నీ ఉంటే తప్ప ఆ గెలుపు రాలేదు.

ఇదే జీతానికి రెండు విధానాలూ సమానమయ్యే గీత ఎక్కడంటే, స్టాండర్డ్ డిడక్షన్ కాక 5,43,750 రూపాయల మినహాయింపుల దగ్గర. అది దాటితే పాతది, దాటకపోతే కొత్తది. అద్దె, హోంలోను రెండూ లేనివారు ఈ గీత దాటడం కష్టం.

కొత్త విధానంలోనూ మిగిలిన ఒక్క కిటికీ

మినహాయింపులు దాదాపు అన్నీ తీసేసిన చోట, రిటైర్మెంటు పొదుపుకు పనికొచ్చేది ఒకటి మాత్రం ఉంచారు. మన ఎన్‌పీఎస్ ఖాతాలో కంపెనీ తన వంతుగా కట్టే సొమ్ము. సెక్షన్ 80సీసీడీ(2). బేసిక్, డీఏ కలిపి 14 శాతం దాకా మన ఆదాయంలోంచి మినహాయిస్తారు. మనం సొంతంగా కట్టేదానికి ఈ విధానంలో ఏమీ రాదు, కంపెనీ ద్వారా వెళ్తేనే.

పై ఉద్యోగి తన 15 లక్షల్లోంచే బేసిక్ మీద 14 శాతం, అంటే 84,000, ఎన్‌పీఎస్‌కు మళ్ళించమని కంపెనీని అడిగాడనుకోండి. పన్ను పడే ఆదాయం 13,41,000, పన్ను 84,396. అద్దె చీటీలు, లోను సర్టిఫికెట్లు, బీమా రసీదులు అన్నీ పెట్టి పాత విధానంలో తేల్చిన 84,760 కంటే 364 రూపాయలు తక్కువే! (పాత విధానంలో కూడా ప్రైవేటు ఉద్యోగికి ఇది 10 శాతం దాకా ఉంది. అతను అక్కడ 60,000 మళ్ళిస్తే పన్ను 72,280కి దిగుతుంది. ఆ మాట దాచడం న్యాయం కాదు.)

ఇది మార్చి 28న గుర్తొస్తే లాభం లేదు. జీతం స్ట్రక్చర్ మార్చాలి, చాలా కంపెనీలు దాన్ని ఏప్రిల్‌లోనే ఒప్పుకుంటాయి.

పాత ఫైలులో దొరికిన పాలసీ

పన్ను కోసం దాచిన డబ్బు నిజంగా రిటైర్మెంటుకు పనికొచ్చిందా? నా సంగతే చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మార్చి చివరి వారం, ‘సార్, ఇవాళే లాస్ట్’ అంటే సంతకం పెట్టిన ఎండోమెంట్ పాలసీ (బీమా, పొదుపు కలిపి ఉండేది) ఒకటి ఉంది. ఏడాదికి 30,000 చొప్పున 15 ఏళ్ళు. చేతికి వచ్చింది 6.6 లక్షలు. కట్టింది 4.5 లక్షలే కదా, బాగానే వచ్చిందని ఇంట్లో సంబరపడ్డారు. లెక్కేస్తే ఏటా 4.7 శాతం కూడా రాలేదు. అదే 30,000 ఏటా ఏప్రిల్‌లో ఇప్పటి 7.1 శాతం వడ్డీకి పీపీఎఫ్‌లో వేసినా 8.13 లక్షలు అయ్యేది. మొదటి ఏడాది మిగిలిన పన్ను చూసి పదిహేనేళ్ళ వడ్డీ పోగొట్టుకున్నాను.

అందుకే 80సీ ప్రాధాన్యం తగ్గడం మీద రెండు వాదాలున్నాయి, రెండింటిలోనూ బలం ఉంది. ఒక వాదం: పన్ను భయం పెట్టి ప్రజల డబ్బును లాక్ చేయించడం వల్ల చెత్త పాలసీలు అమ్ముడుపోయాయి, ఎవరి డబ్బు ఎక్కడ పెట్టుకోవాలో వారికే వదిలేయడం మేలు. రెండోది: మనిషి స్వభావమే ఈరోజు ఖర్చు పెట్టడం. ఏటా ఒకసారైనా బలవంతంగా లక్షన్నర పక్కకు తీయించిన అలవాటు పోతే పాతికేళ్ళ ఉద్యోగి ఆ డబ్బుతో ఫోను ఈఎంఐ కడతాడు. నా అనుభవం మొదటి వాదాన్ని బలపరుస్తుంది, చుట్టూ చూస్తున్నది రెండోదాన్ని.

‘పీఎఫ్ ఉందిగా’ అనే ధీమా

నెలకు 12 శాతం కోత చూసి పెన్షన్ కూడా వస్తుందిలే అనుకుంటాం. బేసిక్ 25,000 ఉన్న ఉద్యోగిని చూద్దాం. అతని జీతంలోంచి 3,000 పీఎఫ్‌కు పోతుంది. కంపెనీ కూడా 3,000 కడుతుంది కానీ అందులో 1,250 పెన్షన్ స్కీముకు, 1,750 మాత్రమే పీఎఫ్‌కు. ఆ 1,250 ఎలా వచ్చిందంటే, జీతం ఎంత ఎక్కువున్నా 15,000 మీదే 8.33 శాతం లెక్కేస్తారు. పెన్షనూ దాని మీదే: 15,000ని సర్వీసు ఏళ్ళతో హెచ్చించి 70తో భాగించాలి. 35 ఏళ్ళు చేస్తే 7,500. ఈ రోజు నెలకు 50,000 ఖర్చయ్యే ఇంటికి, ధరలు ఏటా 6 శాతం పెరిగితే ఇరవై ఏళ్ళకు 1.6 లక్షలు కావాలి. ఆ పక్కన 7,500 పెట్టి చూడండి.

కాబట్టి పీఎఫ్‌లో కూడిన మొత్తమే అసలు ఆధారం. 2024-25కి దాని వడ్డీ 8.25 శాతం. ఉద్యోగం మారినప్పుడల్లా దాన్ని తీసి కారు డౌన్‌పేమెంటుకు వాడేవారికి ఆ ఆధారం కూడా ఉండదు.

ఎన్‌పీఎస్ మాటెత్తితే మన దగ్గర చాలామందికి సీపీఎస్ (కాంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీము) మీద ఉద్యోగుల ఉద్యమాలు గుర్తొస్తాయి. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరిన రాష్ట్ర ఉద్యోగులు గ్యారంటీ పెన్షన్ పోయి మార్కెట్టుతో ముడిపడ్డ ఈ పద్ధతిలోకి వచ్చారు. వారి అభ్యంతరం న్యాయమైన ప్రశ్నే: ఉన్నదాన్ని తీసేసి దీన్ని ఇచ్చారు. పెన్షనే లేని ప్రైవేటు ఉద్యోగికీ, వ్యాపారికీ మాత్రం ఇది అదనంగా వచ్చిన అవకాశం. ఒకే ఖాతా, ఇద్దరికీ రెండు రకాలుగా కనిపిస్తుంది. 2025 డిసెంబరులో పెన్షన్ నియంత్రణ సంస్థ పీఎఫ్‌ఆర్‌డీఏ ప్రభుత్వేతర చందాదారులకు నిబంధన సడలించింది. ఇదివరకు కూడిన సొమ్ములో 40 శాతంతో తప్పనిసరిగా యాన్యుటీ (క్రమంగా పెన్షన్ ఇచ్చే పాలసీ) కొనాలి, ఇప్పుడు 20 శాతం చాలు, 80 శాతం చేతికి తీసుకోవచ్చు. అయితే పన్ను లేకుండా చేతికొస్తుందని 1961 చట్టంలో రాసింది 60 శాతానికే. 60 దాటి 80 దాకా ఉన్న ఆ 20 శాతం తీసేముందు ఆడిటర్ గారిని అడగడం మంచిది.

షాపు లెక్కలు: ఆరు శాతం, ఎనిమిది శాతం

చిన్న వ్యాపారుల దారి వేరు. టర్నోవరు 2 కోట్ల లోపు ఉంటే (నగదు రాబడి 5 శాతం మించకపోతే 3 కోట్ల దాకా) 44ఏడీ సెక్షన్ కింద పుస్తకాలు రాయకుండా అంచనా లాభం చూపొచ్చు. బ్యాంకు, యూపీఐ ద్వారా వచ్చినదాని మీద 6 శాతం, నగదు మీద 8 శాతం.

గుంటూరులో ఎలక్ట్రికల్ సామాన్ల షాపు అనుకోండి. ఏడాది అమ్మకాలు 1.8 కోట్లు, అందులో 1.2 కోట్లు యూపీఐ, బ్యాంకు. 60 లక్షలు నగదు. లాభం 7.2 లక్షలు, 4.8 లక్షలు, కలిపి సరిగ్గా 12 లక్షలు. కొత్త విధానంలో పన్ను సున్నా. షాపు యజమానికీ ఆ రిబేటు ఉంది, లేనిది 75,000 స్టాండర్డ్ డిడక్షన్.

కానీ అతనికి ఎఫ్‌డీ వడ్డీ 15,000 వచ్చింది. ఆదాయం 12,15,000. మార్జినల్ రిలీఫ్ పోను పన్ను 15,000, సెస్సుతో 15,600. ఇది పదివేలు దాటింది కాబట్టి అడ్వాన్స్ ట్యాక్స్ కట్టాలి. 44ఏడీ వారికి నాలుగు వాయిదాలు లేవు, మొత్తం ఒకేసారి మార్చి 15 లోపు. ఆ తేదీ పోతే 1 శాతం వడ్డీ, మార్చి 31 కూడా దాటితే నెలనెలా ఇంకో వడ్డీ మొదలవుతుంది.

ఇక్కడ ఒక వివాదం. నిజంగా 20 లక్షలు మిగిలితే 12 చూపొచ్చా? ‘చట్టమే 6 శాతం అంది, అంతకు మించి అడగరు’ అని బజారులో చాలామంది నమ్మకం. చట్టంలో మాత్రం ‘లేదా అంతకంటే ఎక్కువ సంపాదించినట్టు చెప్పుకున్న మొత్తం’ అనే మాట ఉంది. ఎక్కువ వచ్చినదాన్ని చెప్పి తీరాలా, చెప్పడం ఐచ్ఛికమా అన్నదాని మీద ఆడిటర్లలోనే రెండు పక్షాలు. వ్యవహారంలో చూస్తే వేరే చోట దెబ్బ తగులుతుంది: రేపు లోనుకు వెళ్తే బ్యాంకు మేనేజరు చూసేది ఆ 12 లక్షలనే.

వ్యాపార ఆదాయం ఉన్నవారు ప్రతి ఏడూ విధానం మార్చుకోలేరు కూడా. ఫామ్ 10ఐఈఏ ఇచ్చి పాతదానికి వెళ్ళి, మళ్ళీ కొత్తదానికి వస్తే, వ్యాపారం ఉన్నంతకాలం పాతదాని తలుపు మూసుకున్నట్టే.

నలభై అయిదు రోజుల గొడవ

పుస్తకాలు రాసే వ్యాపారులకు మార్చిలో నిద్ర పట్టనివ్వనిది సెక్షన్ 43బీ(హెచ్). 2023-24 నుంచి అమల్లోకి వచ్చింది. సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర కొన్న సరుకుకు రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ ఖర్చు, డబ్బు నిజంగా ఇచ్చిన ఏడాదిలోనే పన్ను లెక్కలోకి వస్తుంది.

జీడిమెట్లలోని ఒక చిన్న తయారీ యూనిట్ నుంచి ఒక భాగస్వామ్య సంస్థ జనవరి 10న 4 లక్షల సరుకు తీసుకుంది, ఒప్పందం లేదు. గడువు జనవరి 25. డబ్బు ఏప్రిల్ 20న ఇచ్చింది. ఈ ఏడాది లాభానికి ఆ 4 లక్షలు కలుస్తాయి, 30 శాతం రేటు, సెస్సుతో 1,24,800 పన్ను ముందే పడుతుంది. వచ్చే ఏడాది ఆ ఖర్చు దక్కుతుంది కాబట్టి పూర్తి నష్టం కాదు, చేతిలో డబ్బు మాత్రం ఇరుక్కుంటుంది. అదే సరుకు మార్చి 10న 45 రోజుల ఒప్పందంతో వచ్చి ఉంటే గడువు ఏప్రిల్ 24, అప్పుడు ఏప్రిల్ 20న ఇచ్చినా ఈ ఏడాదే ఖర్చు. అమ్మినవారు కేవలం ట్రేడర్లయితే, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు ప్రభుత్వ నమోదు) ఉన్నా ఈ రూలు రాదు. 44ఏడీలో ఉన్న కొనుగోలుదారుకీ ఇది తగలదు.

ఉద్దేశం చిన్నవారికి డబ్బు త్వరగా అందాలని. 2024 మొదట్లో వాయిదా వేయమని వ్యాపార సంఘాలు కోరాయి, ముఖ్యంగా జౌళి రంగం నుంచి. ‘పెద్ద కొనుగోలుదారులు మమ్మల్ని వదిలి మధ్య తరహా సంస్థల దగ్గరకు పోతారు’ అన్నది చిన్నవారి భయం. ఏళ్ళతరబడి బాకీలకోసం తిరిగినవారికి ఇదే మొదటిసారి చేతికి దొరికిన కర్ర అన్నదీ నిజమే.

యజమానికి పెన్షన్ కట్టేదెవరు

సొంత షాపు నడిపేవాడు తనకు తానే ఉద్యోగి కాదు. కాబట్టి కంపెనీ ద్వారా ఎన్‌పీఎస్ అనే కిటికీ అతనికి లేదు. భాగస్వామికీ లేదు. ప్రైవేట్ లిమిటెడ్ పెట్టి డైరెక్టరుగా జీతం తీసుకునేవారికి కంపెనీ కట్టొచ్చు. అంటే కొత్త విధానంలో ఉన్న మామూలు షాపు యజమాని రిటైర్మెంటుకు ఎంత దాచినా పన్నులో పైసా తగ్గదు. ‘షాపే నా పెన్షన్’ అంటారు. కొడుకు అమెరికాలో ఉద్యోగం చూసుకున్నాక ఆ షాపు గుడ్‌విల్‌కు ఎంత ఇస్తారో బజారులో అడిగి చూసినవారికి తెలుసు.

పీపీఎఫ్ ‘దండగేనా’ అన్న మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. కొత్త విధానంలో వేసేటప్పుడు మినహాయింపు లేకపోయినా, వడ్డీ మీద, తీసేటప్పుడు పన్ను లేదు. వ్యాపారికి ఇంకో సంగతి: అప్పులవాళ్ళు కోర్టుకెళ్ళి డిక్రీ తెచ్చుకున్నా ఆ ఖాతాను జప్తు చేయలేరు (ఆదాయపు పన్ను శాఖకు ఆ అడ్డు లేదు). ఏటా కనీసం 500 వేయకపోతే ఖాతా నిద్రపోతుంది, లేపడానికి ఏడాదికి 50 జరిమానా.

నెలలో 5వ తేదీ నుంచి చివరి దాకా ఉన్న కనీస నిల్వ మీదే వడ్డీ లెక్క. మార్చి 31న లక్షన్నర వేసి, ఏప్రిల్ 5 లోపు మరో లక్షన్నర వేస్తే ఆ 3 లక్షల మీదా ఏప్రిల్ నుంచే వడ్డీ మొదలవుతుంది. ఏప్రిల్‌లో వేయాల్సిన ఆ రెండో లక్షన్నరను వచ్చే మార్చి చివరి దాకా ఆపితే పోయేది 10,650 రూపాయలు.